వెల్డన్ కౌంటీ సమాధులు

నా భార్యను మట్టి చేసే వేళకు నన్ను చేరనివ్వనివాడు ఆరోన్. ఇందులో రెండో మాట లేదు.

తొంభై నాలుగులో మేమిద్దరం గల్ఫులో రిఫా అనే ఊళ్లో ఒక అమెరికా ఇంజనీరు విల్లాలో పనిచేసేవాళ్లం. నాది వంట, ఆరోన్ డ్రైవరు. వాడిది మా పక్క ఊరే. ఇంజనీరు పేరు గార్నర్. ఒంటి మనిషి. సెలవు దొరికితే హాల్లో పెద్ద బల్ల మీద ప్లాస్టరుతో తన జిల్లా నమూనా కట్టుకునేవాడు. జిల్లాను వాళ్లు కౌంటీ అంటారు. ఆయనది వెల్డన్ కౌంటీ. నేను ప్లాస్టరు కలిపి ఇచ్చేవాణ్ణి. ఆయన చెప్పేవాడు, నేను వినేవాణ్ణి. ఆయనకు వేరే దిక్కు లేదు. నాకూ లేదు.

"అన్నా, ఆ జిల్లాకి కలెక్టరు పోస్టు ఖాళీ అయితే నీకే ఇస్తారు" అని ఆరోన్ ఎగతాళి చేసేవాడు.

ఒక శుక్రవారం పొద్దున ఫోను మోగింది. ఆరోన్ తీశాడు. ఊరి నుంచి మా బావమరిది. నా భార్య ఎస్తేరు కామెర్లతో తెల్లవారుజామున పోయింది. ఐసు పెట్టి రేపు సాయంత్రం దాకా ఉంచుతాం, బావని మధ్యాహ్నం విమానం ఎక్కించమన్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

గల్ఫులో మనవాళ్లకు ఒక అలవాటుంది. చావు కబురు ఒక్కసారిగా చెప్పరు. ముందు ఒంట్లో బాగాలేదంటారు. ఒక పూట గడిచాక సీరియస్ అంటారు. అన్నం తినిపించి, నలుగురు చుట్టూ కూర్చున్నాక అసలు మాట. ఆరోన్ ఎస్తేరుకు జ్వరమని మాత్రం నాకు చెప్పాడు. గార్నర్‌కు అంతా చెప్పి, మా పద్ధతి ఇదేనని, సాయంత్రం దాకా నన్ను పనిలో పెట్టి ఉంచమని అడిగాడు. తను సంఘస్థుల్ని తీసుకురావడానికి మా చర్చి ఉన్న నయీమ్ పేటకు వెళ్లాడు.

గార్నర్ నా చేతికి కుంచె ఇచ్చి నదికి నీలం రంగు వేయమన్నాడు. ఆ రోజు ఎప్పుడూ లేనంతగా మాట్లాడాడు. ఆ నది మోచేయిలా వంగుతుంది. వంపులో నల్లమట్టి, మొక్కజొన్న. ముందు అక్కడున్న జాతిని తరిమేసి తెల్లవాళ్లు ఊరు కట్టారు. కొన్నాళ్లకు రైలు పట్టాలు ఊరికి దూరంగా పడ్డాయి. జనం ఇళ్లను దుంగల మీదికెత్తి, ఎద్దులతో లాగించి పట్టాల పక్కకు చేర్చుకున్నారు. కోర్టు కచేరీ పోయింది, చర్చి పోయింది. పాతవూళ్లో గుట్ట మీది సమాధులే మిగిలాయి.

"తమవాళ్లను వదిలేసి ఎలా పోయారు సార్?" అని అడిగాను.

నదికి ఇంకో పూత వేయమన్నాడు.

ఆ గుట్ట మీద పెట్టడానికి అగ్గిపుల్లలు విరిచి సిలువలు కట్టబోయాను. నా చేతిలోంచి పుల్లలు లాక్కున్నాడు. "ఇది నేను చేస్తాను సామ్యూల్" అన్నాడు. ముసలి చాదస్తం అనుకున్నాను. అప్పటికి విమానం ఇంకా లేవలేదు.

సాయంత్రం నయీమ్ నుంచి సంఘస్థులు వచ్చారు. నాకు అన్నం పెట్టారు. తిన్నాను. అప్పుడు చెప్పారు.

మర్నాడు విమానం లేదు. ఆదివారం నేను దిగేసరికి మట్టి ఆరిపోయింది.

తిరిగొచ్చాక ఆరోన్‌ను అడిగాను.

"చెప్తే మాత్రం పోయేవాడివా అన్నా? పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది. శుక్రవారం ఆయన తలుపు తీస్తాడా?"

"తట్టావా?"

వాడు కారు తుడవడానికి పోయాడు. మాకు వీసా ఇచ్చిన అరబ్బు, ఆ కఫీల్ ఇల్లు మా వెనక వీధిలోనే.

తర్వాత నయీమ్ చర్చిలో ప్రభు బల్ల ఆరాధన జరిగిన రోజున పాస్టరు మా ఇద్దరినీ లేపి, రొట్టె విరవకముందే సమాధానపడమన్నాడు. ఆరోన్ చెయ్యి చాపాడు, ఏడ్చాడు. నేను చెయ్యి ఇవ్వలేదు. రొట్టె తీసుకోకుండా లేచి వచ్చేశాను. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

గార్నర్ నమూనా పూర్తి చేసి తన దేశం పట్టుకుపోయాడు. వెల్డన్ కౌంటీలో నది ఎక్కడ వంగుతుందో, ఏ ఇంటిని ఎటు లాగారో నాకు తెలుసు. ఎస్తేరుకు ఏ చీర కట్టి పెట్టెలో పెట్టారో తెలియదు. మా బావమరిది చెప్పబోయాడు. వద్దన్నాను.

చెప్పింది చాలు. ఆరోన్ వచ్చి అడిగినా, పాస్టరు వచ్చి అడిగినా, ఈ మాట ఇక నా నోట రాదు.