ఏడో నంబరు టేబుల్

స్నూకర్ టేబుల్ మీద బ్రష్ ఎప్పుడూ ఒకే దిక్కుగా నడవాలి. ఆట మొదలుపెట్టే వైపు నుంచి నల్లబంతి ఉండే వైపుకు, అంతే. పొరపాటున వెనక్కి లాగితే గుడ్డ మీది నూగు లేచి, ఆ తర్వాత బంతి ఎవరి మాటా వినదు. ఆయన అప్పటికి ఆరు టేబుళ్లు దులిపి, బరువైన ఇస్త్రీపెట్టె నడిపించి, ఏడోదాని మీద సగంలో ఉన్నాడు. ఉదయం ఎనిమిదిన్నర. అది ఉదయమని చెప్పడానికి గోడగడియారం తప్ప వేరే సాక్ష్యం లేదు, ఎందుకంటే క్లబ్బు సెల్లార్‌లో ఉన్న ఆ హాలుకి ఒక్క కిటికీ కూడా లేదు.

ఆ హాల్లో ఆయనకిది ముప్పై ఒకటో సంవత్సరం. మొదట మార్కర్‌గా చేరాడు. అంటే బంతులు పేర్చడం, పాయింట్లు చెప్పడం, ఓడిపోయిన సభ్యుల చిరాకు నెత్తిన వేసుకోవడం. తర్వాత పరీక్ష రాసి రిఫరీ అయ్యాడు. దాంతో జీతమేమీ ఎగిరి గంతెయ్యలేదు గానీ చేతులకి తెల్ల గ్లౌజులు వచ్చాయి, వాటి వెంట ‘తెల్లచేతులు’ అనే పేరు వచ్చింది. పొట్టి మనిషి. ముప్పై ఏళ్లు దీపాల కింద వంగి చూసీ చూసీ మెడ కాస్త ముందుకు సాగింది. ఆటలో బంతికి అడ్డం రాకూడదని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే అలవాటు బయట కూడా పోలేదు. కూరగాయల కొట్లో వంకాయల ముందు కూడా అలాగే నిలబడతాడు. ఇలా అయితే పుచ్చులే ఇంటికొస్తాయని అక్క ఆ పని తనే చేసుకునేది.

అక్కంటే అమ్మ లాంటిది అనడం మామూలే. ఈయన విషయంలో అది మాటవరసకి అన్నది కాదు. ఆయనకి ఆరేళ్లప్పుడు అమ్మ పోతే, పదహారేళ్ల అక్క చదువు మానేసి గరిటె పట్టుకుంది. పెళ్లయి వెళ్లేటప్పుడు తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లింది. బావ పోయాక, కూతురికి పెళ్లి చేశాక, ఆ ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే తీరిక లేక అనేవాడు, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. “ఆ బల్ల చుట్టూ తిరిగిందంతా తిన్నగా నడిచుంటే ఈపాటికి సముద్రం ఒడ్డుకి చేరేవాడివిరా” అని అక్క ఎన్నిసార్లు నవ్విందో లెక్కలేదు. ఇద్దరిలో ఎవరూ సముద్రం చూడలేదు.

ఆ అక్క ఇప్పుడు నడిచి వెళ్తే పది నిమిషాల దూరంలో, ఆసుపత్రి మంచం మీద ఉంది. ఇవాళో రేపో అని డాక్టరు నిన్న చెప్పేశాడు. తెల్లవారుజామున ఆయన వెళ్లి పక్కన కూర్చుంటే ఆవిడే పంపేసింది. “వెళ్లి రారా. నీ ఆట అయ్యేదాకా నేనెక్కడికి పోతాను” అంది. తోడుగా కూతురు ఉంది. అయినా ఆయన క్లబ్బుకి రాగానే కార్యదర్శిని సెలవడిగాడు. జరుగుతున్నది మామూలు పోటీ కాదు, అంతర్జాతీయ అమెచ్యూర్ స్నూకర్ ఛాంపియన్‌షిప్. ఇరవై రెండు దేశాల నుంచి వచ్చినవాళ్లు పది రోజులుగా ఆడుతున్నారు. ఇవాళ క్వార్టర్ ఫైనల్స్. ఇద్దరు రిఫరీలు జ్వరంతో పడుకున్నారు. ఈ ఒక్క మ్యాచ్ గట్టెక్కించమని, రెండింటికల్లా అయిపోతుందని, ఆ తర్వాత ఆపేవాళ్లు ఉండరని కార్యదర్శి భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. భుజం మీద చెయ్యి పడితే కాదనడం ఆయనకి పుట్టుకతోనే రాదు.

పదింటికి రిఫరీలందరి ఫోన్లూ ఆఫీసు బీరువాలోకి వెళ్లిపోయాయి. అది నియమం. ఆయన గ్లౌజులు తొడుక్కుని ఏడో నంబరు టేబుల్ దగ్గరికి వచ్చాడు. అది హాలు చివర మూలలో ఉంటుంది. కెమెరాలూ జనమూ ఒకటో నంబరు దగ్గరే ఆగిపోతాయి. ఇక్కడ చూసేవాళ్లు ఏడుగురు, అందులో ఇద్దరు చల్లగాలికి వచ్చి కునుకు తీస్తున్నవాళ్లు. ఆటగాళ్లలో ఒకడు ఎడమచేతివాటం కుర్రవాడు, వాళ్ల దేశంలో లారీ నడుపుతాడట. రెండోవాడు గడ్డం ఉన్న పళ్లడాక్టరు. ఇతను ప్రతి దెబ్బకీ ముందు పన్ను పీకబోతున్నంతసేపు ఆలోచిస్తాడు.

ఒక్కో ఆటని ఫ్రేము అంటారు, ముందు ఐదు ఫ్రేములు ఎవరు గెలిస్తే వాళ్లది మ్యాచ్. ఒంటిగంటకి మూడూ మూడు. రెండింటికి నాలుగూ మూడు. ఎనిమిదో ఫ్రేము పళ్లడాక్టరు గెలిచి నాలుగూ నాలుగు చేశాడు. ఆయనకి ఆ గడ్డం పట్టుకుని లాగాలనిపించింది. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి. పాయింట్లు చెప్పే గొంతు ఎక్కడా వణకలేదు. ఆట మధ్యలో రిఫరీ టేబుల్ వదలకూడదు. వదిలి వెళ్లిపోతే ఏమవుతుందో ఆయన ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇవాళ ఆలోచించాడు. తలుపు ఇరవై అడుగుల దూరంలో ఉంది. కాళ్లు మాత్రం టేబుల్ చుట్టూనే తిరిగాయి.

మూడుకి పది నిమిషాలు. టేబుల్ మీద తెల్లబంతీ నల్లబంతీ తప్ప ఏమీ లేవు. ఎడమచేతివాడికి అరవై ఒకటి, పళ్లడాక్టరుకి యాభై నాలుగు. నల్లబంతికి ఏడు పాయింట్లు. అది టేబుల్ మూలన బంతులు పడే సంచి నోటి దగ్గరే కూర్చుని ఉంది, చంటిపిల్లాడైనా తోసేస్తాడు. ఎడమచేతివాడు దాన్ని పడేస్తే అంతా అయిపోయినట్టే. ఆయన మనసులో అప్పుడే మెట్లెక్కేస్తున్నాడు.

తెల్లబంతి కాస్త దూరంగా ఉంది. కుర్రవాడు ఒంటికాలి మీద సాగి, క్యూ కర్రని ముందుకీ వెనక్కీ ఆడించాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి కర్ర మొన తెల్లబంతికి తగిలింది. బంతి దొర్లలేదు. ఉన్నచోటే ఒక్కసారి ఉలిక్కిపడి ఆగింది. కొట్టకముందు అలా తగిలినా తప్పే.

హాల్లో ఇంకెవరూ చూడలేదు. పళ్లడాక్టరు ముఖం తుడుచుకుంటున్నాడు. పాయింట్లు రాసే గుమాస్తా పెన్ను విదిలిస్తున్నాడు. ఆయన నోరు మూసుకుని ఉంటే చాలు, మూడింటికి అక్క పక్కన ఉంటాడు. అక్క చెయ్యి పట్టుకుంటాడు. ఇదంతా ఆయనకి ఆ క్షణంలోనే తెలుసు, తెలియక చేశాడనడానికి లేదు.

“ఫౌల్” అంది ఆయన నోరు.

కుర్రవాడు నిటారుగా లేచి, తగిలిందా అన్నట్టు వేలితో బంతిని చూపించాడు.

“తగిలింది” అన్నాడాయన. “ఏడు.”

తప్పుకి ఆ ఏడు పాయింట్లూ పళ్లడాక్టరుకి వెళ్లాయి. అరవై ఒకటి, అరవై ఒకటి. సమానమైతే నల్లబంతిని మళ్లీ దాని చుక్క మీద పెట్టి, నాణెం ఎగరేసి ఆడించాలి. ఆ బంతిని తీసి, తుడిచి, చుక్క మీద నిలబెట్టింది ఆయన చేతులే. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. నిజాయితీ అని ఎవరైనా మెచ్చుకుంటే కొట్టేవాడే. అది నిజాయితీ కాదని, వదలని అలవాటని ఆయనకి అనిపించింది. ఆటగాళ్లిద్దరూ భయపడిపోయారు. తెల్లబంతిని ఈ చివరికి పంపడం, ఆ చివరికి పంపడం, ఎవరూ సంచి జోలికి పోలేదు. నలభై నిమిషాలు. పళ్లడాక్టరు ఆలోచించిన ప్రతిసారీ ఆయన గడియారం వైపు చూడకుండా ఉండడానికి పళ్లు బిగబట్టాడు.

చివరికి నల్లబంతిని పడేసింది ఎడమచేతివాడే. గెలవాల్సినవాడే గెలిచాడు. కుర్రవాడు వచ్చి ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని, తన భాషలో ఏదో చాలాసేపు చెప్పాడు. ఆయన చెయ్యి విడిపించుకుని బీరువా దగ్గరికి పరుగెత్తాడు. ఫోన్‌లో మేనకోడలి పిలుపులు పదకొండు ఉన్నాయి. తిరిగి చెయ్యడానికి ధైర్యం చాలలేదు. నల్ల వెయిస్ట్‌కోటుతోనే ఎండలో పడి నడిచాడు.

గది తలుపు తీసే ఉంది. దుప్పటి ముఖం దాకా కప్పి ఉంది. మేనకోడలు స్టూలు మీద నుంచి లేచింది.

“మూడుంబావుకి, మామయ్యా” అంది. “రెండింటి నుంచీ తలుపు వైపే చూసింది. వాడి ఆట ఇంకా అవలేదా అని అడిగింది.”

ఆయన మంచం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. విప్పుదామన్నా వెంటనే రాలేదు.

“నేనే సాగదీశానమ్మా” అన్నాడు.

దుఃఖంలో ఏదో అంటున్నాడనుకుందామె. “అలా అనకు. నీ చేతుల్లో ఏముంది?” అని ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, సంతకాలు పెట్టడానికి ఆఫీసు గదికి వెళ్లింది. ఆయన దుప్పటి అంచు తీసి అక్క చెయ్యి పట్టుకున్నాడు. అది ఇంకా పూర్తిగా చల్లబడలేదు. ఆయన అప్పుడు ఏడ్చాడు, నర్సు వచ్చి తలుపు దగ్గరికి వేసి వెళ్లేంత గట్టిగా ఏడ్చాడు.

తల ఎత్తేసరికి మంచం పక్క బల్ల కనిపించింది. అక్క మధ్యాహ్నం ఒక నారింజ ఒలిచి, సగం తిని, సగం సాసరులో ఉంచింది. మిగిల్చిన ఆరు తొనలకీ పైనున్న తెల్ల పీచు, గొంతుకి అడ్డం పడుతుందని ఆరేళ్లవాడు ఏడ్చినప్పుడు తీసినట్టుగానే, ఒక్క పోగు కూడా లేకుండా తీసేసి ఉంది.