గోడ అవతలి నవ్వు

మా తొమ్మిదో తరగతి రెండు సెక్షన్ల మధ్య ఉన్నదాన్ని గోడ అనడం మర్యాదకే. ఒకప్పుడది పొడుగాటి హాలు. పిల్లలు పెరిగారు, గదులు పెరగలేదు. మధ్యలో చెక్కపలకలు అడ్డం కొట్టి, అటు ఎ సెక్షన్, ఇటు బి సెక్షన్ అన్నారు. పలకల మధ్య ఒక తలుపుంది, దానికి గడియ లేదు. అటు చీమ చిటుక్కుమన్నా ఇటు వినిపిస్తుంది. బి సెక్షన్‌కి లెక్కలు చెప్పేది నేను. ఎ సెక్షన్‌కి టీచరుగారు.

ఆవిడ క్లాసంటే నవ్వులే. పొద్దున మొదటి పీరియడ్ నుంచీ పిల్లలు పడీ పడీ నవ్వుతుంటారు, వాళ్ళకంటే గట్టిగా ఆవిడ నవ్వుతుంది. లెక్కల్లో అంత నవ్వడానికి ఏముందో, జీవితమంతా లెక్కలే చెప్పిన నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నా క్లాసులో ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. పిల్లలు నాకు జోలపాట మాస్టారని పేరు పెట్టారు. నాకు తెలియదనుకుంటారు. తెలిసినా నాకేం కోపం లేదు. ఈ వయసులో, ఈ నడుం నొప్పితో, రోజంతా నిలబడి పాఠం చెప్పేవాడు జోలపాట కాక ఇంకేం పాడతాడు?

ఆవిడ కూతురు నా క్లాసులో ఉంది. టీచర్ల పిల్లలు సొంత తల్లిదండ్రుల క్లాసులో కూర్చోకూడదని మా స్కూలు రూలు. వాళ్ళ పేపర్లు కూడా వీళ్ళు ముట్టుకోకూడదు. ఆ పిల్లను అందరూ టీచరుగారమ్మాయి అనే పిలుస్తారు, అసలు పేరు హాజరు వేళ తప్ప వినపడదు. లెక్కల్లో తొంభై దాటకపోతే అన్నం సహించని రకం. బయటి స్కూళ్ళతో పోటీకి పంపితే కప్పు పట్టుకొచ్చింది. ప్రార్థన సమయంలో హెడ్మిస్ట్రెస్ ఆ కప్పు పైకెత్తి చూపించి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. టీచర్ల వరసలో నిలబడ్డ తల్లి మాత్రం అందరికంటే మెల్లగా కొట్టింది. ఏమిటమ్మా ఆ పిసినారితనం అని నేనడిగితే, "గట్టిగా కొడితే కూతురికి కొట్టుకుంటోందంటారు మాస్టారూ" అంది.

ఆ పిల్ల కూడా తల్లికి తగ్గ కూతురే. స్కూలు గేటు దాటిందంటే తల్లిని "టీచర్" అనే అంటుంది, "మీరు" అనే మన్నిస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నోరు జారడం నేను వినలేదు.

అర్ధసంవత్సరం పరీక్షలకు కాస్త ముందు, క్లాసు అయ్యాక ఆ పిల్ల నా బల్ల దగ్గరే నిలబడిపోయింది.

"మాస్టారూ, నన్ను ఎ సెక్షన్‌లోకి మారుస్తారా?"

"ఎందుకమ్మా? నా పాఠం మరీ అంత చేదుగా ఉందా?"

"అయ్యో, అది కాదు మాస్టారూ." కాసేపు సుద్దముక్కను అటూ ఇటూ దొర్లించింది. "అక్కడ టీచర్ నవ్వుతారు."

"మీ ఇంట్లో ఉన్నది ఆవిడేగా తల్లీ. ఇంటికెళ్ళి తీరిగ్గా చూసుకో."

"ఇంట్లో ఉన్నావిడ వేరు మాస్టారూ. రాగానే నానమ్మకి అన్నీ చెయ్యాలి, తర్వాత వంట, తర్వాత పేపర్లు దిద్దుతూ దిద్దుతూ అలాగే నిద్రపోతారు. నేనే చేతిలో పెన్ను తీసి లైటు ఆర్పేస్తాను. ఏదైనా చెప్పబోతే, 'పొద్దుట్నుంచీ వాగీ వాగీ గొంతు పోయిందే, రేపు చెప్పు' అంటారు. రేపు కూడా గొంతు ఉండదు."

ముసలావిడ మంచం పట్టి రెండేళ్ళయిందని నాకు తెలుసు. తండ్రి రైల్వేలో గార్డు, వారంలో సగం బండి మీదే గడుస్తుంది. ఆవిడ ఉన్నదంతా బయటి పిల్లలకు వడ్డించి, ఇంటి పిల్లకు గిన్నె అడుగు మిగులుస్తోందన్నమాట. జాలేసింది. కానీ రూలు మార్చడం నా చేతిలో పని కాదు, ఆ మాటే చెప్పాను.

"మరి సాయంత్రం క్లాసు కూడా టీచరే చెప్తారు కదా?" అంది.

"అది ఫెయిలైన వాళ్ళకమ్మా. నీకా యోగం లేదులే!" అని నవ్వాను. నేను అరుదుగా హాస్యమాడతాను, ఆడినప్పుడల్లా తగలరాని చోట తగులుతుంది.

ఆ సాయంత్రం క్లాసు సంగతి కూడా చెప్పాలి. రెండు సెక్షన్లూ కలిపి లెక్కల్లో పదిమంది ఫెయిలైతే, ఏడాది చివరిదాకా రోజూ ఆఖరి గంట తర్వాత వాళ్ళకు వేరే క్లాసు పెడతారు. అంతకంటే తక్కువైతే క్లాసు లేదు, లైబ్రరీ పీరియడ్‌లో ఎవరి మాస్టారు వాళ్ళను చూసుకుంటారు. ఆ క్లాసు ఏటా ఆవిడ మెడకే చుట్టుకుంటుంది. నేను చెబితే పాసైన వాళ్ళు కూడా ఫెయిలవుతారని హెడ్మిస్ట్రెస్ అభిప్రాయం. ఆ అభిప్రాయంతో నాకు పేచీ లేదు.

పరీక్షలు ముగిసిన రోజు స్టాఫ్ రూములో టీచరుగారు బల్ల మీద తల వాల్చి ఉంది. కళ్ళు తెరవకుండానే అంది:

"ఈసారి పదిమంది కాకపోతే బాగుండు మాస్టారూ. పిల్ల తొమ్మిదికొచ్చేసింది. దాంతో తీరిగ్గా నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఆ క్లాసు తప్పిందంటే ఆ గంట దానిదే. ఇద్దరం నడుచుకుంటూ ఇంటికెళ్తాం, దారంతా అది చెప్పేది వింటాను."

కూతురు నాతో అన్న మాట చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో గంట కొట్టారు. నాకు నడుం పట్టేసి కుర్చీలోంచి లేచేసరికి ఆవిడ మెట్లెక్కేసింది. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. నా బతుకంతా తర్వాత చెబుదాంలే కిందే గడిచింది.

పేపర్లు దిద్దుతుంటే ఆవిడ పదిసార్లు నా బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటికి రెండు సెక్షన్లలో కలిపి ఫెయిలైనవాళ్ళు తొమ్మిదిమంది తేలారు.

"ఇంకెన్ని ఉన్నాయి మాస్టారూ?"

"నాలుగే. అందులో మీ అమ్మాయిదొకటి."

"అయితే గండం గడిచినట్టే!" అని, నా కోసం కూడా టీ తెప్పించింది. ఆవిడ మొహంలో అంత వెలుగు స్టాఫ్ రూములో చూడటం అదే మొదలు.

మూడు పేపర్లూ పాసు. నాలుగోది ఆ పిల్లది. మొదటి లెక్క తప్పు. రెండోదీ తప్పు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. తప్పిన ప్రతి లెక్కా చివరి మెట్టు దాకా ముత్యాల్లా వేసి, అక్కడ ప్లస్ బదులు మైనస్ పెట్టింది. ఒకచోట సరైన జవాబు రాసి, కొట్టేసి, తప్పు జవాబు రాసింది. తప్పు చెయ్యడం అలవాటు లేని మనిషి చేసిన తప్పులవి. కూడితే పాసు మార్కుకు సరిగ్గా రెండు తక్కువ. ఎక్కువ తగ్గితే అనుమానమొస్తుందని ఎక్కడాపాలో చూసుకుని మరీ ఆపింది. దానికొచ్చిన లెక్కలు నాకు రావు.

పేపరు తీసుకుని టీచరుగారి దగ్గరికెళ్ళాను. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుని, ముట్టుకోకుండా వంగి చూసింది. మొహంలో వెలుగు కాస్తా పోయింది.

"ఇవి తెలియక చేసినవి కావు టీచరుగారూ," అన్నాను. "మెట్లకని రెండు మార్కులు వేస్తాను. ఎవరూ కాదనరు. మీకు క్లాసూ తప్పుతుంది."

"వేరేవాళ్ళ పిల్ల రాస్తే వేసేవారా?"

"వేరేవాళ్ళ పిల్ల ఇంత తెలివిగా తప్పులు రాయదమ్మా."

"వేసేవారా, మాస్టారూ?"

"వెయ్యను."

"అయితే వద్దు."

అప్పుడు కూడా సగమే నోరు విప్పాను. "పిల్లను ఏమీ అనకండి. ఎందుకిలా చేశావని నెమ్మదిగా అడగండి," అన్నాను. ఆవిడ తలూపి, టీ అలాగే వదిలేసి క్లాసుకెళ్ళిపోయింది.

మర్నాడు, "అడిగారా?" అంటే, తల అడ్డంగా ఊపింది. "అత్తయ్యకి రాత్రి బాగాలేదు మాస్టారూ. ఆవిడ సర్దుకున్నాక అడుగుదామని దాని పక్కన కూర్చున్నాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను." ఆ తర్వాతి రోజూ అంతే.

స్కూల్లో మాత్రం ఎవరికీ నిద్ర రాలేదు. దీపం కిందే చీకటి అని డ్రిల్లు మాస్టారు నలుగురిలో అనేశాడు. కప్పు తెచ్చినప్పుడు చప్పట్లు కొట్టిన పిల్లలే వరండాలో వేళ్ళు చూపించి గుసగుసలాడారు. ఆ పిల్ల ఎవరికీ బదులు చెప్పకుండా తల వంచుకుని పోయింది. నాకు ఒళ్ళు మండింది కానీ, ఆ మంట కూడా నడుం నొప్పిలాగే, బయటికి వచ్చేది కాదు.

సాయంత్రం క్లాసు అవతలి గదిలో మొదలైంది. నేనూ నా గదిలో నోటు పుస్తకాలు దిద్దుతూ కూర్చున్నాను. ఇంటికెళ్ళక నాకేం పని అంటే, నిజం చెప్పొద్దూ, ఆ నవ్వు కోసమే. ఆ పిల్ల పరువు పోగొట్టుకుని కొనుక్కున్న నవ్వు అది, దానికి దక్కుతుందో లేదో తెలుసుకోవాలనిపించింది.

నవ్వు రాలేదు. పొద్దున గలగలలాడిన గొంతు సాయంత్రానికి జీరబోయింది. "ఇది అటు పంపండి. గుర్తు మారుతుంది. రాసుకోండి." అంతే. హాస్యం లేదు, కథ లేదు. అచ్చం నా పాఠంలాగే ఉంది. ఒక్క క్షణం సంతోషం వేసింది, వెంటనే సిగ్గేసింది. తలుపు సందులోంచి చూస్తే, ఆ పిల్ల మొదటి బెంచీలో కూర్చుని తల్లి మొహం వంకే చూస్తోంది. చేతిలో పెన్ను కదలడం లేదు. రెండో రోజూ అంతే. ఇంట్లో దొరికే మనిషే ఇక్కడా దొరికింది పాపం.

మూడో రోజు టీచరుగారు ఆ పిల్లను బోర్డు దగ్గరికి పిలిచింది. పిల్ల లెక్క చేసింది. చివర్లో మైనస్ పెట్టింది.

"చెరిపేసి మళ్ళీ చెయ్యి."

చెరిపేసి చేసింది. ఈసారి సరిగ్గా వచ్చింది.

"పరీక్షలో ఎందుకు చెయ్యలేదు?"

ఆ పిల్ల సుద్దముక్క బోర్డు అంచున పెట్టేసింది. మిగతా తొమ్మిదిమందీ ఊపిరి బిగబట్టారు. ఇటు నేనూ బిగబట్టాను.

"నిన్నే అడుగుతున్నాను."

"మీరు క్లాసులో నవ్వుతారు కదా, టీచర్," అంది ఆ పిల్ల బోర్డు వైపే చూస్తూ. "గోడ అవతలి నుంచి రోజూ వినిపిస్తుంది. ఒక్కసారి ఎదురుగా కూర్చుని చూద్దామని."

అటు కుర్చీ లాగిన శబ్దం. క్లాసులో కుర్చీ ఎరగని మనిషి కూర్చుంది.

"ఆ నవ్వు మధ్యాహ్నానికే అయిపోతుందే," అంది. "సాయంత్రం దాకా మిగలదు. మిగుల్చుకుందామని చూస్తాను, కుదరదు. ఈ క్లాసు లేకపోతే మిగిలేదేమో. నీతో నడిచి ఇంటికెళ్దామనుకున్నాను."

ఆ పిల్లకు అప్పుడు తెలిసింది తను చేసిందేమిటో. మొహం పాలిపోయింది. తలుపు సందులోంచి నాకు స్పష్టంగా కనిపించింది.

"మీరు కూర్చోండి టీచర్," అంది చివరికి. "మీకు గొంతు లేదుగా. ఈ లెక్క నేను చెప్తాను."

సుద్దముక్క తీసుకుంది. మొదటి లైను రాసింది. పాఠం ఎలా చెప్పాలో ఆ పిల్లకు తెలిసిన పద్ధతి ఒక్కటే, అది నాది. ఎడమ చెయ్యి నడుం మీద వేసుకుని, కాస్త వంగి, "అంచేత... ఏమిటన్నమాట..." అని సాగదీసి, మధ్యలో ఒక పెద్ద ఆవలింత తీసి, ఆవలిస్తూనే జవాబు చెప్పేసింది. వేళాకోళానికి చేసిందో, అలవాటుగా వచ్చేసిందో నాకు తెలియదు. పిల్లలు గొల్లుమన్నారు. వాళ్ళందరి మీదుగా, వాళ్ళకంటే గట్టిగా, టీచరుగారు నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఆగి, మళ్ళీ నవ్వింది. నన్ను చూసి ఎవరైనా అంతగా నవ్వారంటే అది నా ఉద్యోగంలో మొదటిసారి, ఆఖరిసారి కూడా కావచ్చు.

ఆ పిల్ల నవ్వలేదు. చేతిలో సుద్దముక్కతో అలాగే నిలబడి తల్లి మొహం చూస్తోంది. లెక్క సంగతే మర్చిపోయింది.

నవ్వు తగ్గాక టీచరుగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ అంది. "ఇంటికెళ్ళాక మళ్ళీ చేసి చూపిస్తావా?"

"ఇంట్లో నిద్రపోతారుగా."

"లేపవే."

"లేపితే కోప్పడతారు."

"కోప్పడతాను. అయినా లేపు."

ఆ పిల్ల ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి. "సరే అమ్మా," అంది. తను ఎక్కడున్నదో గుర్తొచ్చినట్టు చప్పున బోర్డు వైపు తిరిగి, తడి చేత్తో మొదటి లైను చెరిపి, లెక్క మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తన గొంతుతోనే చెప్పింది.