లోపలి కణాల ఆకలి

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన ల్యాబునుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే సోఫాలో కూలబడి, "ఇదిగో, ఇవాళ నీ మెదడుకి మంచి మేత తెచ్చాను" అన్నాడు.

కొందరు మొగుళ్ళు సాయంత్రం ఇంటికొస్తూ పళ్ళు తెస్తారు, ఇంకొందరు వారపత్రికలు తెస్తారు. ఈయన ల్యాబులో తెగని సమస్యలు తెస్తాడు. పెళ్ళైన కొత్తలో అది ముచ్చటగానే ఉండేది. ఇద్దరూ ఒకే ల్యాబు మనుషులాయె, ఇంటికొచ్చినా అవే కబుర్లు. తర్వాత పాప పుట్టింది. దానికి నెలల వయసులోనే ఆయాసం పట్టుకుంది. ఇద్దర్లో ఒకరు ఇంటిపట్టున ఉండక తప్పదన్నారు డాక్టర్లు. ఆ ఒకరు ఎవరన్న చర్చే ఇంట్లో రాలేదు. చర్చ జరిగి ఓడిపోయి ఉంటే ఆమెకి ఇంత కష్టంగా ఉండేది కాదేమో. "నీది ఆలోచనతో పని, అది ఎక్కడ కూర్చునైనా చేసుకోవచ్చు. నాది మెషీన్లతో పని" అన్నాడాయన. "ఎవరివో కణాల్ని పెంచే దానివి, కన్న బిడ్డని పెంచలేవటే" అన్నారు అత్తగారు. ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా వాళ్ళతోపాటు నవ్వేసింది. అదీ అసలు విచిత్రం.

ఆలోచన ఎక్కడ కూర్చునైనా చెయ్యొచ్చన్నాడుగానీ, కూర్చోనిచ్చిందెవరు? పాలు పొంగకుండా చూస్తూ, పాపకి ఆవిరి పడుతూ, అత్తగారి మోకాళ్ళకి మందు రాస్తూ ఆలోచించింది. "గొట్టం పక్కనుంచి కాదు, అడుగునుంచి పెట్టి చూడండి, బుడగలు చిక్కుకోవు" అని వంటగదిలోంచే చెప్పేది. మర్నాడు సాయంత్రం ఆయన వెలిగిపోతూ వచ్చేవాడు. "మీటింగులో చెప్పాను, అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారనుకో" అనేవాడు. ఎవరి ఆలోచనని చెప్పారు అని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆయన ఆమె దగ్గర దాచిందీ లేదు. తన జేబులోది తను తీసి ఖర్చుపెట్టుకున్నంత సహజంగా ఉండేది ఆయనకి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే ఈ సంగతి ఎప్పుడో తేలిపోయేది. పాప పెద్దదై, ఆయాసం తగ్గి, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆయన ఆ ల్యాబులో, దాన్ని నడిపే పెద్ద మేడం తర్వాతి కుర్చీ ఎక్కాడు. ఆమె మాత్రం సాయంత్రాలు మేత నెమరేస్తూనే ఉంది.

"ఏంటి ఇవాళ్టి మేత?" అంది దిండుగలీబు దులుపుతూ.

"దవడ ఎముక" అన్నాడు. ప్రమాదాల్లో దవడ పోయినవాళ్ళకి వాళ్ళ కణాలతోనే కొత్త ఎముక పెంచి ఇవ్వడం ఆ ల్యాబు పని. స్పాంజిలాంటి అచ్చులో కణాలు నాటి, పాత్రలో పెట్టి, పోషక ద్రవం పారిస్తూ వారాల తరబడి సాకుతారు. "ముక్క పైకి నిగనిగలాడుతోంది. కోస్తే నడిమధ్యంతా చచ్చి, జావైపోయి ఉంది. ఎన్నిసార్లు చేసినా అంతే. పంపు వేగం పెంచాం, లాభం లేదు. విచిత్రమేంటంటే, బయటికొచ్చే ద్రవంలో ఆక్సిజన్ పుష్కలంగా ఉంది. అంటే వాటికి కడుపునిండా అందుతున్నట్టేగా. మరెందుకు చస్తున్నాయో అంతు చిక్కట్లేదు. రేపు పెద్ద మేడం వస్తోంది, ఈ వారంతో ఆవిడ రిటైరు. రేపు ఏదో ఒకటి చెప్పలేకపోతే ఆ పాత్రని మూలన పడేసి, వేరే మెషీను తెప్పిస్తారు."

"ఏ పాత్ర?"

"అదే, నీదే. స్టీలు తొడుగు వేయించాంగానీ లోపలంతా ఆ పాతదే."

నీదే అన్న మాట ఆయన నోట ఎన్నేళ్ళకి విన్నదో. చేతిలో గలీబు చేతిలోనే ఉండిపోయింది.

అప్పట్లో ఆమెని ల్యాబులో గాజుపిల్ల అనేవారు. పొద్దస్తమానం గాజుపాత్రని చంటిబిడ్డలా చంకనేసుకుని తిరిగేదని ఆ పేరు పెట్టింది పెద్ద మేడమే. పొడుగాటి వరండా చివర గది. పొద్దున్నే ఎండ తిన్నగా ఆ గదిలోకొచ్చి బల్లమీద గులాబి రంగు ద్రవం సీసాల్ని వెలిగించేది. కణాల గది ఒంటి వేడితో నులివెచ్చగా ఉండేది. చలికాలంలో ఏదో ఒక వంకతో అందరూ అందులోకే దూరేవాళ్ళు. లోపల కాఫీ తాగకూడదు కాబట్టి మెట్లమీద కూర్చుని తాగేవారు. ఎవరి ముక్క బతికింది, ఎవరి ముక్కకి బూజు పట్టింది, అవే కబుర్లు. బూజు పట్టినవాళ్ళని రెండ్రోజులపాటు ఎవరూ ఏడిపించకూడదని ఒక ఒప్పందం ఉండేది. చిన్న పంపు రోజంతా టిక్కు టిక్కుమంటూనే ఉండేది. ఇంటికొచ్చి పడుకున్నా ఆ చప్పుడు చెవుల్లో ఉండేది. అది వినపడక నిద్రపట్టని రోజులు ల్యాబు మానేశాక చాలా ఉన్నాయి. ఎవరితో చెప్పుకుంటుంది?

పెద్ద మేడం ఒక నియమం పెట్టింది. ముక్కని ఎవరు పెంచితే వాళ్ళే కొయ్యాలి. నెలరోజులు కంటికి రెప్పలా కాచుకున్నదాన్ని బ్లేడుతో తన చేత్తో తనే రెండుగా చెయ్యాలి. మొదటి ముక్క కోసిన రోజు ఆమెకి బాగా గుర్తు. పైకి ముత్యంలా ఉంది. లోపల బురద. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది. పెద్ద మేడం ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి, "పైపైన చూసి మురిసిపోవాలంటే బొమ్మలు చేసుకుందువుగాని. ముందు లోపలున్నవాటికి అన్నం ఎలా పెడతావో చెప్పవే" అంది.

అంతే, ఆ ప్రశ్నే ఆమెకి తిండీ నిద్రా అయింది. అంచున ఉన్న కణాలు వచ్చిన ఆక్సిజన్ని వచ్చినట్టే తినేస్తాయి. లోపలికి మిగిలేది సున్నా. ద్రవాన్ని గిరగిరా తిప్పితే లోపలికి పోదు సరికదా, పైనున్నవి కూడా ఊడిపోతాయి. చుట్టూ పారితే లాభం లేదు, ముక్కలోంచే పారాలి. పారించింది. మొదట బాగానే పోయింది. కణాలు పెరిగి సందులు పూడుకునేసరికి మళ్ళీ మధ్యలో చావు. ఒకరోజు విసుగెత్తి ద్రవంలో ఇంత నీలం రంగు కలిపి పంపింది. రంగు ముక్కలోకి పోనేలేదు. ముక్కకీ పాత్ర గోడకీ మధ్య సన్నటి సందులోంచి అంచు వెంబడి చల్లగా జారుకుంది. దొంగముఖంది, తేలిక దారి దొరికితే కష్టమైన దారిన ఎందుకు పోతుంది? మెత్తటి రబ్బరు చుట్టు తన చేత్తో కత్తిరించి ముక్క నడుముకి బిగించింది. పక్కదారి మూసేసింది. వేగం పెంచలేదు, తగ్గించింది. కాసేపు కిందనుంచి పైకి, కాసేపు పైనుంచి కిందకి పంపింది, రెండువైపులా తిండి దక్కాలని. ఆ నెల కోసి రంగేసి చూస్తే, మైక్రోస్కోపు కింద ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఆకుపచ్చగా వెలిగాయి. అన్నీ బతికే ఉన్నాయి. పెద్ద మేడం చాలాసేపు కళ్ళు తియ్యలేదు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, "బతికించావే గాజుపిల్లా" అంది. ఆ సాయంత్రం మెట్లమీద తాగిన కాఫీ అంత సంతోషంగా ఆమె మళ్ళీ ఏదీ తాగలేదు. కొద్ది నెలలకే పాప పుట్టింది.

"రబ్బరు చుట్టు ఉందా?" అని అడిగింది ఆయన్ని.

"ఎక్కడిది? మాటిమాటికీ మార్చాల్సొస్తోందని గట్టి ప్లాస్టిక్కుది చేయించా. దానికేం, బాగానే పడుతుంది."

తెలిసిపోయింది. ప్లాస్టిక్కు వంగదు, ముక్కని హత్తుకోదు. ద్రవమంతా అంచు వెంట పోతోంది. వేగం పెంచినకొద్దీ ఇంకా అంచునే పోతుంది. ఇక ఆక్సిజన్ పుష్కలంగా మిగిలిందని సంబరమొకటి. విందులో గిన్నె నిండుగా వంటింటికి తిరిగొచ్చిందంటే అందరూ సుష్ఠుగా తిన్నట్టా? ఎవరికీ వడ్డించనట్టు. జీవితంలో ఒక్కసారైనా వడ్డించిన మనిషికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

ఆయనకి ఆ ముఖం బాగా అలవాటు. "తట్టింది కదూ! ఉండుండు, ఫోన్లో రికార్డు పెడతాను. నిదానంగా చెప్పు."

ఫోను ఆమె నోటి ముందు పెట్టాడు. మాట నాలిక చివర ఉంది. చెప్పేస్తే పాత్ర బతుకుతుంది. రేపు ఆయన లేచి నిలబడి చెప్తాడు, పెద్ద మేడం తలాడిస్తుంది, ఆ తలాడింపుతోనే ఆ ల్యాబునుంచి వెళ్ళిపోతుంది.

పోయినేడు ల్యాబువాళ్ళ విందులో పెద్ద మేడం ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది. "అంత మంచి బుర్ర. ఆలోచించడమే మానేశావటే? నాకు నీమీద కోపం కాదు, దిగులు" అంది. వెనకే ఆయనా వచ్చాడు. చేతిలో గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. ఆమే "అవును మేడం, ఇంటిపనులతో సరిపోతోంది" అంది. ఆ రోజునుంచి ఆమె లోపల ఏదో ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఊరంతా తనని ఏమీ చెయ్యనిది అనుకున్నా ఫరవాలేదు. ఆవిడ అనుకోకూడదు. ఆవిడ అలాగే అనుకుంటూ వెళ్ళిపోకూడదు.

ఆమె ఫోన్లో రికార్డు ఆపేసింది. "రేపు మీటింగు ఎన్నింటికి?"

"పదకొండుకి. ఎందుకు?"

"నేనొస్తాను. అక్కడే చెప్తాను, మేడం ముందు."

ఆయన నవ్వాడు. "ఆ ఒక్క ముక్కకి అంత దూరం దేనికోయ్? ఎవరు చెబితే ఏంటి? మనిద్దరం వేరా?"

లోపలిగదిలోంచి అత్తగారు, "రేపు పదకొండుకి నా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, మర్చిపోయావా?" అన్నారు.

"మర్చిపోలేదత్తయ్యా. మీ అబ్బాయి తీసుకెళ్తారు" అని, ఆయన వైపు తిరిగింది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది, అంత మామూలుగా ఉంది. "ఎవరు చెబితే ఏంటండీ, నిజమే. అందుకే నేను చెప్తాను. ఎవరు తీసుకెళ్తే ఏంటి, మీరు అత్తయ్యని తీసుకెళ్ళండి. మనిద్దరం వేరా?"

ఆయన నవ్వు ముఖంమీద కాసేపు అలాగే ఉండి, మెల్లగా పోయింది. బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా, తల ఎత్తకుండానే అడిగాడు.

"మేడం ముందు... ఈ ఒక్కటే చెప్తావా, ఇన్నాళ్ళవీ చెప్తావా?"

ఆమె మడతపెట్టిన ఆయన చొక్కాలన్నీ ఆయన పక్కనే సోఫామీద పెట్టింది.

"ఆవిడ అడిగితే చెప్తాను. ఆవిడ తప్పకుండా అడుగుతుంది."