రెండు వంశాల కాఫీవాడు

గింజలు రంగు తిరిగే సమయంలో జుహ్దీ మాట్లాడడు. పెరట్లో పొయ్యి ముందు చిన్న పీట మీద కూర్చుని, పొడవాటి పిడి ఉన్న ఇనుప పెనాన్ని కుడిచేత్తో ఆడిస్తూ, ఎడమచేత్తో గరిటె తిప్పుతూ ఉంటాడు. పొగ కళ్లలోకి వచ్చినా తల పక్కకు తిప్పడు. ఆ పొగకే ఆయన తెల్లమీసం ఒక పక్క పసుపుపచ్చగా మారిపోయింది. లోపలినుంచి భార్య నజ్మియా ఏమడిగినా "ఊఁ" అన్నదే సమాధానం.

ఆ ఉదయం "ఊఁ" కూడా రాలేదు. నజ్మియా రొట్టెపిండి చేతులతోనే గడపలోకి వచ్చింది.

"ఎడమచెయ్యి లాగుతోందని రాత్రంతా మూలిగావు. ఆ చేత్తోనే గరిటె తిప్పుతున్నావా?"

"చెయ్యి లాగితే లాగనీ. గింజలు మాడితే ఎవరు తాగుతారు?"

"డాక్టరు దగ్గరికి పోదామంటే కాళ్లు రావు. హమాదీన్ల ఇంట్లో తుమ్మితే పరిగెత్తుతావు, నవాస్రాల ఇంట్లో దగ్గితే పరిగెత్తుతావు. నువ్వు పడిపోతే ఎవడొస్తాడయ్యా?"

"నువ్వున్నావుగా," అన్నాడు జుహ్దీ. పెనం దించి, ఎర్రగా నిగనిగలాడుతున్న గింజలను చాపమీద పరిచాడు. ఒక గింజ తీసి ఆమె నోటికందించాడు. ఆమె విసుక్కుంటూనే కొరికింది.

"ఇంకాస్త వేగాలి."

"ఇవాళ్టికి ఇంతే చాలు. ఇవాళ మరీ చేదుగా ఉండకూడదు."

హెబ్రోన్ నగరానికి దక్షిణాన ఉన్న ఆ కొండల మీది ఊళ్లో ప్రతి మనిషికీ ఒక వంశం ఉంది, హమాదీన్లో నవాస్రాలో. మేకను అమ్మాలన్నా, పిల్లను అడగాలన్నా, పోలీసుస్టేషన్‌కు వెళ్లాలన్నా ముందు ఎవరి మనిషివో చెప్పాలి. జుహ్దీ మాత్రం ఎవరి మనిషీ కాదు. యుద్ధంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన ఏడాదిలో తల్లి చంకనెక్కి కొండకింది శరణార్థుల శిబిరానికి వచ్చాడు. తండ్రి దారిలోనే తప్పిపోయాడు. పెదనాన్నలూ బాబాయిలూ ఎక్కడ తేలారో తెలియదు. పెళ్లినాటికి ఆయన తరఫున నిలబడటానికి శిబిరంలోని పాలవాడు తప్ప ఎవరూ లేరు. నజ్మియా ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతుంది: "నన్ను ఆవులకిచ్చి చేశారు."

వంశం లేకపోవడమే ఆయనకు అన్నం పెట్టింది. హమాదీన్ల వంటవాడు చేసిన కాఫీని నవాస్రాలు అనుమానంగా చూసేవారు, నవాస్రాల వాడు చేస్తే హమాదీన్లు. జుహ్దీ చేస్తే ఎవరికీ అనుమానం లేదు. నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో పెళ్లికీ చావుకీ మధ్యవర్తిత్వానికీ కాఫీ ఆయనదే. పురపాలక ఎన్నికలొచ్చినప్పుడు నవాస్రాలు పసుపుజెండా పట్టారు, హమాదీన్లు ఆకుపచ్చజెండా పట్టారు. జెండాలు కొత్తవి గానీ తగువు పాతదే. ఇద్దరూ జుహ్దీ ఇంటికొచ్చి రెండు ఓట్లూ మాకేనని అడిగారు. ఇద్దరికీ కాఫీ పోసి పంపాడు. ఎవరికి వేశాడో నజ్మియాకు కూడా చెప్పలేదు.

ఓట్లు లెక్కపెట్టిన సాయంత్రం బడి ముందు కొట్లాట జరిగింది. తుపాకీ పేలింది. హమాదీన్ల పెద్ద హాజీ బుర్హాన్ చిన్నకొడుకు బాసిల్ గోడపక్కన పడిపోయాడు. కాల్చినవాడు నవాస్రాల కుర్రాడు. వాడు జైలుకెళ్లాడు. ఆ వారంలో దుకాణాలు తగలబడ్డాయి, నవాస్రాలవి ఏడు కుటుంబాలు ఇళ్లొదిలి పోయాయి. తర్వాత పెద్దమనుషులు కలగజేసుకుని ఏడాదిపాటు చెయ్యెత్తకూడదని మాట తీసుకున్నారు. ఆ ఏడాది ఇవాళ్టితో సరి. ఇవాళ హాజీ బుర్హాన్ క్షమించానంటే ఇళ్లొదిలినవాళ్లు తిరిగొస్తారు. లేదంటే రేపటినుంచి ఎవరి తుపాకీ వాళ్లది.

జుహ్దీ కాఫీ సరంజామా సంచిలో సర్దుకుని, మడమలు తొక్కిన గోధుమరంగు బూట్లలో కాళ్లు దూర్చి బయల్దేరాడు. నజ్మియా వెనకనుంచి ఆయన కోటు కాలరు సరిచేసింది.

"తొందరగా రా. బెండకాయ కూర చేస్తున్నా."

"వాళ్లు తొందరగా రాజీపడితే వస్తా," అన్నాడు.

హమాదీన్ల అతిథిశాల ఆ మధ్యాహ్నం కిక్కిరిసిపోయింది. గోడల వెంబడి పరుపులమీద ఒకవైపు హమాదీన్లు, ఎదురుగా మధ్యవర్తులు, వాళ్లవెనక తలలు వంచుకుని నవాస్రా పెద్దలు. మధ్యవర్తులకు పెద్ద షేక్ అతల్లా, తూర్పు ఎడారివైపు నుంచి వచ్చిన ఎండిన కట్టెలాంటి ముసలాయన. రెండు పార్టీల నాయకులు కూడా నగరంనుంచి కార్లలో వచ్చి చెరో మూల కూర్చున్నారు.

జుహ్దీ ఎడమచేత కూజా, కుడిచేత పిడి లేని చిన్నకప్పులు పట్టుకుని లోపలికొచ్చాడు. మొదటి కప్పు షేక్ అతల్లాకు పోశాడు. షేక్ తీసుకున్నాడు. తాగలేదు. ముందున్న చాపమీద పెట్టాడు.

"హాజీ బుర్హాన్, మా పని నెరవేరితేనే నీ ఇంటి కాఫీ తాగుతాం."

బుర్హాన్ కప్పువైపు చూశాడు. పెద్ద శరీరం, ఏడాదిలో లోపలికి కుంగిపోయిన బుగ్గలు, మోకాళ్లమీద బరువుగా ఆనించిన రెండు చేతులు.

పసుపుజెండా నాయకుడు గొంతు సవరించుకుని జాతి ఐక్యత గురించి మొదలుపెట్టాడు. ఆకుపచ్చజెండా నాయకుడు అందుకుని అమరవీరుల రక్తం గురించి చెప్పాడు. అప్పుడు బుర్హాన్ తలెత్తాడు.

"మీరిద్దరూ బాగానే ఉన్నారే. ఆ కొట్లాట రేపి, నెల తిరక్కుండానే ఒకే గదిలో కూర్చుని పదవులు పంచుకున్నారు. ఫోటో చూశాను, ఇద్దరూ పళ్లికిలిస్తున్నారు. నా కొడుకేమో మట్టిలో ఉన్నాడు. మాట్లాడకండి నా ఇంట్లో."

కప్పులో కాఫీ మీద ఆవిరి పోయింది. హమాదీన్ల కుర్రవాళ్లు గుమ్మం దగ్గర ఒకరినొకరు చూసుకుంటున్నారు. షేక్ అతల్లా కళ్లు మూసుకున్నాడు. నవాస్రాలలో ఒకాయన లేవబోతే పక్కవాడు కోటు పట్టి లాగాడు.

జుహ్దీ ముందుకొచ్చాడు. మోకాలు నొక్కుకుంటూ వంగి ఆ కప్పు తీశాడు. చల్లారిన కాఫీని పక్కనున్న గిన్నెలో వంచి, మళ్లీ వేడిగా పోసి అక్కడే పెట్టాడు. వెనక్కి వెళ్లి గోడకానుకుని నిలబడ్డాడు.

ఆ కప్పు కూడా చల్లారింది. మళ్లీ వచ్చి మార్చాడు. గుమ్మం దగ్గర ఒకడు కిసుక్కుమన్నాడు. బయటికెళ్లి కూజా పొయ్యిమీద పెట్టి, వేడిచేసి, తెచ్చి, మళ్లీ మార్చాడు. ఈసారి కూజా కొద్దిగా వణికింది.

"ఎంతసేపు పోస్తావయ్యా?" బుర్హాన్ గొంతు గరగరలాడింది.

"మీరు తాగమనేదాకా, హాజీ."

"నేను అననంటే?"

"రేపొచ్చి పోస్తా. గింజలు చాలా వేయించాను." జుహ్దీ తనకే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "చావుకాఫీ పోసి పోసి విసుగొచ్చింది, హాజీ. మీ వాడిది పోశాను. ఇక ఈ తగువులో ఎవరిదీ పోయలేను. ముసలాణ్ణయ్యాను."

బుర్హాన్ చాలాసేపు ఆయన్నే చూశాడు. ఆ వెడల్పాటి ఛాతీ ఒక్కసారి పైకి లేచి దిగింది. చేత్తో ముఖం తుడుచుకుని షేక్ వైపు తిరిగాడు.

"తాగండి," అన్నాడు. "మీ కాఫీ తాగండి. దేవుడికోసం వదిలేశాను. వాళ్లను ఇళ్లకు రమ్మనండి."

షేక్ అతల్లా కప్పెత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. శాలంతా లేచి నిలబడింది. నవాస్రాల పెద్ద వచ్చి బుర్హాన్ భుజంమీద ముద్దుపెట్టి ఏడ్చాడు. జుహ్దీ వరసగా పోసుకుంటూ వెళ్లాడు, ఇటొక హమాదీన్‌కు, అటొక నవాస్రాకు. పార్టీ నాయకులకు ఆఖరున పోశాడు. అంతా తాగాక కూజా తీసుకుని వెనకవైపు పొయ్యి దగ్గరికి నడిచాడు.

భోజనాల హడావిడిలో ఆయన్ను ఎవరూ తలచుకోలేదు, బుర్హాన్ తప్ప. "పోసినవాడు తాగలేదు," అనుకుంటూ తనే ఒక కప్పు నింపుకుని వెనకవైపుకొచ్చాడు. జుహ్దీ ఎండపడే గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. తలగుడ్డ కళ్లమీదికి జారి ఉంది. బుర్హాన్ అలికిడి చేయకుండా పక్కనే కూలబడ్డాడు.

"పడుకో. కాసేపు నేనూ కూర్చుంటా," అన్నాడు. "బాసిల్‌కు నీ కాఫీ నచ్చేది కాదు, తెలుసా? దొంగతనంగా చక్కెర వేసుకునేవాడు. వాళ్లమ్మ తిట్టేది. చేదు తాగలేనివాడు మగాడేమిట్రా అని నేనూ తిట్టాను." కాసేపటికి నవ్వాడు. "వేసుకోనివ్వాల్సింది. ఏం పోయింది?"

బుర్హాన్ కప్పు అందించబోయి ఆయన చేయి తాకాడు. వేళ్లు కప్పును పట్టుకోలేదు. ఆ చేతిని అలాగే పట్టుకుని, చాలాసేపు ఎవరినీ పిలవకుండా కూర్చున్నాడు.

కబురందాక శాలలో మళ్లీ గొంతులు లేచాయి. మా గోడపక్కన పోయాడు, మా శ్మశానంలోనే పెడతామన్నారు హమాదీన్లు. మా తాతలనాటినుంచి మా మనిషి, పరామర్శ మా ఇంట్లోనేనన్నారు నవాస్రాలు. చేయి చేసుకోవడం దాకా వచ్చింది. షేక్ అతల్లా కర్రతో నేలమీద కొడుతున్నాడు.

అప్పుడొచ్చింది నజ్మియా. వేళ్లకు బెండకాయ జిగురు ఇంకా ఆరలేదు. భర్త పక్కన కూర్చుని, తలగుడ్డ సరిచేసి, మీసం తుడిచింది. ఆ తర్వాతే వాళ్లవైపు తిరిగింది.

"సిగ్గులేదా మీకు? బతికుండగా మీ తగువులు తీర్చడానికే సరిపోయాడు. పోయాక కూడా వదలరా? ఆయన శిబిరంలో, వాళ్లమ్మ పక్కన పడుకుంటాడు. పాడెకు నాలుగు కొమ్ములున్నాయి. చెరో రెండు పట్టండి."

చెరో రెండు పట్టారు. ముందు బుర్హాన్, ఆయన పక్కన నవాస్రాల పెద్ద. పొద్దుగుంకకముందే శిబిరం చేరాలని, గుమ్మం ముందు గుట్టగా కలిసిపోయిన జోళ్లలో ఎవరి కాలికి ఏది దొరికితే అది తొడుక్కుని, హమాదీన్ల బూట్లలో నవాస్రాలు, నవాస్రాల చెప్పుల్లో హమాదీన్లు, అందరూ కొండదిగి వెళ్లిపోయారు.

ఖాళీ మెట్లమీద ఒక్క జత మిగిలింది. మడమలు తొక్కి తొక్కి చెప్పుల్లా అణిగిపోయిన గోధుమరంగు బూట్లు, వీధివైపు తిరిగి, పక్కపక్కనే.