నడుముకు పైన గాయం

ప్రెయిరీ లీగ్ ఐస్ హాకీలో ఎవరికి దెబ్బ తగిలినా పేపర్లో వచ్చే వార్త ఒక్కటే. "నడుముకు పైన గాయం", కాకపోతే "నడుముకు కింద గాయం". అంతకు మించి ఒక్క ముక్క బయటికి రాదు. పన్ను ఊడినా నడుముకు పైనే, పక్కటెముక విరిగినా నడుముకు పైనే. రిపోర్టర్లు గుచ్చి గుచ్చి అడగరు, కోచ్‌లు చెప్పరు. నొప్పి ఎక్కడో తెలిసిందంటే అవతలి జట్టువాళ్ళు సరిగ్గా అక్కడికే వచ్చి గుద్దుతారు. మంచు మీద అది తప్పు కూడా కాదు.

యార్క్‌టన్ హార్వెస్టర్స్ కెప్టెన్ డారిల్ ఫ్రీసెన్ పేరు పక్కన చలికాలమంతా ఆ "నడుముకు పైన" మాటే ఉంది. అసలు సంగతి ఎడమ భుజం. కీలు వదులైపోయింది, గట్టి దెబ్బ పడితే ఊడి వచ్చేస్తుంది. ఈ విషయం తెలిసినవాళ్ళు జట్టులో డారిల్ కాకుండా ఇద్దరే. ఒకడు జట్టు ఫిజియో ఓవెన్. రెండోవాడు డ్రెస్సింగ్ రూమ్‌లో డారిల్ పక్కనే కూర్చునే వేడ్ మెల్నిక్. ఆటకు ముందు జెర్సీ కింద భుజానికి పట్టీ కట్టేది వేడే. ఓవెన్ కడితే వదులుగా ఉంటుందని డారిల్‌కి ఓ ఫిర్యాదు.

"ఇంకాస్త లాగు మెల్సీ. పుట్టినరోజు గిఫ్టుకి రిబ్బను కడుతున్నావా ఏంటి?" అనేవాడు. మెల్నిక్‌ని మెల్సీ చేసింది కూడా అతనే.

"తర్వాత ఊపిరాడట్లేదని నన్ను తిట్టకు మరి" అనేవాడు వేడ్, మోకాలు ఆనించి మరీ బిగిస్తూ.

డారిల్ కాంట్రాక్టు ఈ వసంతంతో అయిపోతుంది. కుర్రతనం దాటిపోయిన మనిషి. జర్మనీలో ఒక జట్టు రెండేళ్ళకి తీసుకుంటానంది. అయితే వాళ్ళ డాక్టరు చూసినప్పుడు భుజం ఊడకుండా ఉండాలి. ఆపరేషన్ బల్ల ఎక్కాడా, ఇక ఈ ఆటలో అతన్ని పలకరించేవాడుండడు. భార్య జానెల్ అప్పుడే జర్మన్ పాఠాలు కూడా మొదలుపెట్టింది. ఇదంతా వేడ్‌కి తెలుసు. వాళ్ళింట్లో పెరోగీలనే కుడుములు తింటూ ఆవిడ పలికే జర్మన్‌కి పగలబడి నవ్వినవాడే కదా.

ఆటగాళ్ళని మార్చుకునే గడువు ముగిసే రోజు మధ్యాహ్నం, వేడ్ సూపర్ మార్కెట్‌లో బంగాళాదుంపలు ఏరుకుంటుంటే ఫోన్ వచ్చింది. అతన్ని డాఫిన్ బైసన్స్‌కి ఇచ్చేశారు. అంతే. ఇన్నేళ్ళు జట్టు మారకుండా ఆడిన మనిషిని ఒక్క ఫోన్‌తో పక్క రాష్ట్రానికి పంపేశారు. అదేం పద్ధతో ఏమో గాని, ఆ లోకంలో దాన్ని ఎవరూ వింతగా చూడరు. డారిల్ వచ్చి అతని బ్యాగులు కారులో పెట్టించి, డిక్కీ మూసి, దాని మీద రెండు సార్లు చరిచి వెళ్ళిపోయాడు.

డాఫిన్‌లో వేడ్ కొత్తవాడు. అందరికంటే తక్కువసేపు ఆడే నాలుగో వరుసలో పడేశారు. భోజనాల దగ్గర పలకరించేవారు గాని, అతను వచ్చేసరికి సగంలో ఉన్న మాట ఆగిపోయేది. అదిగో అలాంటి సమయంలో సెమీఫైనల్‌లో రెండు జట్లూ ఎదురుపడ్డాయి. చెరి మూడు గెలిచాయి. ఆఖరి ఆట ఆదివారం మధ్యాహ్నం డాఫిన్‌లో. శనివారం కోచ్ హాగెన్ అందర్నీ తెర ముందు కూర్చోబెట్టి, పాత ఆటల బొమ్మలు నడుపుతూ ఒకచోట ఆపాడు. గోడ దగ్గర పక్ బిళ్ళని అందుకుంటున్న డారిల్.

"ఈయన ఎప్పుడు చూసినా కుడి భుజమే అడ్డం పెట్టి తిరుగుతాడేంటి?" అన్నాడు.

తలలన్నీ వేడ్ వైపు తిరిగాయి.

"ఇన్నేళ్ళు పక్కనే కూర్చున్నావు కదయ్యా. నీకు తెలీకుండా ఉంటుందా?" అన్నాడు హాగెన్.

"అలవాటేమో" అన్నాడు వేడ్.

"అలవాటా. సర్లే, నువ్వింకా యార్క్‌టన్ వాడివే అన్నమాట." హాగెన్ ఆ మాట కోపంగా కూడా అనలేదు. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ నవ్వు ఉందే, అదే కొంప ముంచింది. బెదిరించి ఉంటే వేడ్ చెప్పేవాడు కాదు. డబ్బు చూపించి ఉంటే మొహాన కొట్టి పోయేవాడు. వెనకెవరో నవ్వారని, ఈ గదిలో తనకీ ఒక చోటు ఉంటే బాగుండునని, అంత చిన్న ఆశకి నోరు విప్పాడు.

"ఎడమ భుజం. కీలు వదులు" అన్నాడు.

హాగెన్ మెచ్చుకోనూ లేదు, భుజం తట్టనూ లేదు. "ఊఁ" అన్నాడు. "అయితే ఎడమ పక్కనించి వెళ్ళండి. శుభ్రంగా వెళ్ళండి. పెనాల్టీ తెచ్చుకున్నవాడు మళ్ళీ నాకు కనపడొద్దు." బొమ్మ ముందుకి కదిలింది. బయటికొస్తుంటే కోల్బీ రైమర్, డిఫెన్స్ ఆడే కండల మనిషి, "కాఫీ తాగుదామా అన్నా?" అని పిలిచాడు. వచ్చాక అతన్ని కాఫీకి పిలవడం అదే మొదటిసారి. వెళ్ళాడు. తాగాడు.

ఆదివారం పొద్దున రింక్ బయట కారులో కూర్చుని డారిల్‌కి మెసేజ్ టైప్ చేశాడు. "ఈరోజు పట్టీ బాగా బిగించుకో." పంపితే కొత్త జట్టుకి ద్రోహం. పంపకపోతే దేనికి ద్రోహమో ఆలోచించడానికే భయమేసింది. చెరిపేశాడు. నేను చెప్పకపోయినా హాగెన్ కనిపెట్టేవాడే, సగం కనిపెట్టాడు కూడా, అని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. మనసుకి అది రవ్వంత కూడా నచ్చలేదు.

ఆఖరిదైన మూడో భాగం చివరిదాకా ఆట సమంగానే నడిచింది. డారిల్ మూల దగ్గర గోడవారగా పక్ తీసుకున్నాడు. ఎప్పట్లాగే తిరిగాడు. కోల్బీ కుడి వైపు నుంచి కాకుండా ఎడమ వైపు నుంచి వచ్చాడు. మోచెయ్యి ఎత్తలేదు, గాల్లోకి ఎగరలేదు, భుజంతో భుజాన్ని గుద్దాడు. ఏ రిఫరీ అయినా మెచ్చుకునే దెబ్బ. డారిల్ నోట్లోంచి వచ్చిన కేక అంత గోలలోనూ వేడ్‌కి వినపడింది. వినపడగానే పక్ జారుకుంటూ వచ్చి అతని కర్రకే తగిలింది. ఇన్నేళ్ళ అలవాటు చేతులది, మనసుని అడగవు. కొట్టాడు. గోల్ అయింది.

డాఫిన్ ఊరంతా లేచి నిలబడింది. జట్టంతా వచ్చి వేడ్ మీద పడింది. "మనవాడివన్నా, మనవాడివి" అని కోల్బీ అతని హెల్మెట్ పట్టుకుని ఊపేస్తున్నాడు. అతను కోరుకున్న మాట అదే. వాళ్ళ చేతుల సందులోంచి డారిల్ కనిపించాడు, మోకాళ్ళ మీద, ఎడమ చెయ్యి తనది కానట్టు వేలాడుతూ. ఓవెన్ పరిగెత్తుకొచ్చి అతన్ని లోపలికి తీసుకెళ్ళాడు.

మిగిలిన కాసేపూ ఎలాగో గడిచింది. గంట మోగింది, డాఫిన్ గెలిచింది. సిరీస్ అయిపోయాక రెండు జట్లూ ఎదురెదురుగా వరుస కట్టి చేతులు కలపాలి. నిన్నటిదాకా పళ్ళు రాలగొట్టుకున్నా సరే, ఇది మాత్రం తప్పదు, తప్పించుకున్నవాడి మొహం మళ్ళీ ఎవరూ చూడరు. వేడ్ కావాలనే బాగా వెనక నిలబడ్డాడు. డారిల్ ఆసుపత్రికి పోయి ఉంటాడని ధైర్యం. వరుస సగం కదిలేసరికి తలుపు తెరుచుకుని డారిల్ వచ్చాడు. చెయ్యి మెడకి కట్టి ఉంది, మొహం తెల్లగా పాలిపోయి ఉంది. యార్క్‌టన్ వాళ్ళు జరిగి అతనికి దారిచ్చారు.

ఒక్కొక్కరికీ కుడి చెయ్యి ఇస్తూ వచ్చాడు. వేడ్ దగ్గరకొచ్చేసరికి చెయ్యి వదిలిపెట్టలేదు.

"మంచి గోల్ కొట్టావు మెల్సీ."

"భుజం?"

"పోయింది. పూర్తిగా పోయిందంటున్నారు. జానెల్‌కి ఇంకా చెప్పలేదు." గొంతు తగ్గించాడు. "వాళ్ళకి తెలుసురా. వాడు చూసుకుని మరీ ఎడమ వైపుకొచ్చాడు. మా ఓవెన్ గాడే ఎక్కడో నోరు జారాడు. ఇప్పుడే లోపల కడిగి పారేశాను. ఏడుస్తున్నాడు వెధవ. మేనేజర్ కూడా అక్కడే ఉన్నాడు, రేపటినించి రావొద్దన్నాడు."

వేడ్ డారిల్ వచ్చిన తలుపు వైపు చూశాడు.

"నీ మీద కూడా అన్నారులే మావాళ్ళు" అన్నాడు డారిల్. "మెల్సీ పేరెత్తితే ఊరుకోనన్నాను."

ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. వెనకవాళ్ళు తోసుకొస్తున్నారు, వరుస కదిలిపోతుంది, స్నేహం మిగిలిపోతుంది. పెరోగీలు, జానెల్ నవ్వు, అన్నీ ఉంటాయి. ఓవెన్ ఎక్కడో ఇంకో పని వెతుక్కుంటాడు. వేడ్ అదంతా అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేనే" అన్నాడు.

"ఏంటి?"

"ఓవెన్ కాదు. నేనే చెప్పాను. నిన్న కోచ్ అడిగాడు."

డారిల్ అతని మొహంలోకి చూశాడు. తమాషా చేస్తున్నాడేమోనని వెతుకుతున్నట్టు చూశాడు.

"అడిగితే చెప్పేశావా?"

"చెప్పేశాను."

"బెదిరించాడా?"

"లేదు" అన్నాడు వేడ్. "నవ్వారు."

డారిల్ తిట్టలేదు. తిడితే వేడ్ బతికిపోయేవాడు. పట్టుకున్న చేతిని మాత్రం మెల్లగా వదిలాడు. "ఓవెన్‌ని నానా మాటలు అన్నాను" అన్నాడు తనలో తాను. పక్కకి జరిగాడు.

పక్కన కోల్బీ ఉన్నాడు. చెయ్యి ఇవ్వాలా వద్దా అని తటపటాయిస్తూ, "సారీ అన్నా" అన్నాడు. డారిల్ ముందుకు వంగి, బాగున్న చేత్తో అతన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"నీ తప్పేం లేదురా. మంచి దెబ్బ కొట్టావు. మనసులో ఏం పెట్టుకోకు" అన్నాడు.

ఆ మాటలు వేడ్‌కి స్పష్టంగా వినపడ్డాయి. అటు తిరగలేదు. యార్క్‌టన్ వాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు, ఒకరి తర్వాత ఒకరు అతని చెయ్యి పట్టుకుని బాగా ఆడావన్నారు. అందరికీ అతను థ్యాంక్స్ చెప్పాడు.