స్పానర్ గురువు పూచీ

మా ఇంట్లో మెకానిక్ అడుగుపెట్టి చాలా ఏళ్లయింది. నేనుండగా పరాయివాడెవడో వచ్చి మా ఫ్యాను విప్పడమేమిటి? మిరప, పత్తి పండించుకునే రైతునే కానీ, చేతిలో స్పానర్ ఉంటే నాకు అన్నం కూడా గుర్తు రాదు. విప్పింది మళ్లీ బిగించడంలో కాస్త ఆలస్యమవుతుంది, నిజమే. బిగించాక ఒకటో రెండో నట్లు మిగిలిపోతాయి, అదీ నిజమే. అవి తయారు చేసినవాళ్లు ఎక్కువేసి పంపినవని మా ఆవిడ వరలక్ష్మికి ఎన్నోసార్లు చెప్పాను. ఆమె వినదు.

వినేవాళ్లు వేరే ఉన్నారు. ఫేస్‌బుక్‌లో ‘మన రిపేర్లు మనమే’ అని ఒక గ్రూపుంది. కుళాయి కారినా, కారు కదలకపోయినా అక్కడ ఫోటో పెడితే చాలు, నాలాంటి సరదాగాళ్లు సలహాలతో మీద పడిపోతారు. అందులో నా పేరు పుల్లయ్య కాదు, ‘స్పానర్ గురువు’. మొహం ఉండాల్సిన చోట కూడా స్పానర్ బొమ్మే పెట్టాను. ఎవరేం అడిగినా అందరికంటే ముందు జవాబిస్తాను, చివర ‘ఏం కాదు, నా పూచీ’ అని రాస్తాను. ఆ మాట పడితేనే అవతలివాడికి ధైర్యమొస్తుంది. మాచర్ల నుంచి అల్తాఫ్ అని ఒకాయన ఉన్నాడు. బ్యాంకు ఉద్యోగి, సెలవు రోజుల్లో పాత కార్లు బాగుచేసుకుంటాడు. నేనేం చెప్పినా దాని కింద ‘ఒకసారి కొలిచి, చూసుకుని చేయండి’ అని తోక తగిలిస్తాడు. ఆయనంటే నాకు ఒళ్లుమంట.

నేను ఇంతగా ఆ గ్రూపులో పడి ఉండటానికి కారణం మా గోడ.

మాది రొంపిచెర్ల పక్కన పల్లె. మా మేనత్త కొడుకు నాగభూషణరావే మా ధనమ్మక్కను చేసుకున్నాడు. మా రెండిళ్లకూ ఒకటే వాకిలి. చిన్నప్పటి నుంచీ నేనూ బావా కలిసి విప్పని వస్తువు లేదు. ఒకరు విప్పుతుంటే ఇంకొకరు టార్చి పట్టుకునేవాళ్లం. అలాంటిది పోయిన పంచాయతీ ఎన్నికల్లో ఆయనొక వర్గం, నేనొక వర్గం అయ్యాం. ఇద్దరం సర్పంచి పదవికి నిలబడ్డాం. మైకులు పట్టుకుని ఒకరినొకరం అనకూడని మాటలన్నీ అనుకున్నాం. మా ఓట్లు చీలిపోయి, పెద్దగా తిరగని మూడో మనిషి గెలిచాడు. మా ఇద్దరికీ మాటలు పోయాయి. ఆ కోపంలో వాకిలి మధ్యన గోడ కట్టేశాను, మేస్త్రీని పెట్టకుండా, నా చేతులతోనే. కాస్త వంకరగా వచ్చింది.

అక్క గోడకవతల ఉండిపోయింది. మొగుడి పక్కన కాక నా పక్కన నిలబడుతుందా? అయినా పొద్దున్నే ఆమె తాలింపు వాసన గోడ దాటి వచ్చినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. పైకి మాత్రం ‘వాళ్లు లేకపోతే మనకు గడవదా’ అంటూ తిరిగాను. టార్చి పట్టుకునే మనిషి లేక, స్పానర్ నోట కరుచుకుని, ఫోన్ వెలుగులో పనులు చేసుకున్నాను.

అలాంటి రోజుల్లో గ్రూపులోకి ‘పల్నాటి బండి’ అనే పేరుతో ఒకాయన వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. ‘గురువుగారూ’ అని తప్ప పిలిచేవాడు కాదు. ఇవాళ ఫ్యాను మూలుగుతోందనేవాడు, రేపు ఇన్వర్టర్ కూస్తోందనేవాడు, ఎల్లుండి కుళాయి కారుతోందనేవాడు. నేను చెప్పిన ప్రతిదానికీ ‘మీరుండబట్టి సరిపోయింది’ అని రాసేవాడు. సాయంత్రమయ్యేసరికి ఆయన ఏమడుగుతాడా అని ఎదురుచూడటం నాకు అలవాటైపోయింది. మనిషి ఎవరో, ఏ ఊరో తెలియదు. కానీ బావతో మాటలు పోయాక నా మాట అంత శ్రద్ధగా విన్నవాడు ఆయనొక్కడే.

ఒకరోజు పాత కారు చక్రం విప్పి, దగ్గరగా ఫోటో తీసి పెట్టాడు. బ్రేకు తొక్కితే చక్రాన్ని పట్టి ఆపే లైనింగ్ అరిగిపోయింది, ఏం చేయమంటారని అడిగాడు. నేను క్షణం ఆలోచించలేదు. ‘కొత్తవి దండగ. లైనింగ్ కింద పలచటి రేకుముక్క పెట్టి ఎత్తు చేసి బిగించండి. ఏం కాదు, నా పూచీ’ అని రాసి పారేశాను. అల్తాఫ్ వెంటనే, ‘గురువుగారూ, మీరు ఏ కారుకు ఇలా చేశారు?’ అని అడిగాడు. నేను చేసింది పొలానికి వెళ్లే నా మోపెడ్‌కు. అది బ్రేకు తొక్కినా తొక్కకపోయినా ఎడ్లబండి కంటే నెమ్మదిగా పోతుంది. ఆ వివరం అల్తాఫ్‌కు చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు. ‘చేతల మనిషిని, పరీక్షలు పెట్టకండి’ అని రాశాను.

సోమవారం పొద్దున్నే మంచం మీద కూర్చుని టీ తాగుతూ ఫోన్ తెరిచాను. ముందురోజు సాయంత్రం పల్నాటి బండి ఒక వీడియో పెట్టి ఉన్నాడు. ‘గురువుగారూ, మీరు చెప్పినట్టే చేశాను. రేపు పొద్దున్నే మా ఇంటిదాన్ని ఎక్కించుకుని కోటప్పకొండ పోతున్నాం’ అని రాశాడు. సంతోషంగా వీడియో నొక్కాను. చక్రం తిరిగింది, బ్రేకు పడింది, కీచుమంది. ఆ కీచు వెనకాల ఎక్కడో ఒక ఆడమనిషి గొంతు వినబడింది.

“ఏమయ్యా, గ్రైండర్ బాగుచేస్తానని విప్పి ఆ నట్లన్నీ నా కందిపప్పు డబ్బాలో ఏస్తావా? నీ రిపేర్లు తగలెయ్య!”

ఎవరో పాపం, మనలాంటి అభాగ్యుడే అనుకున్నాను. మళ్లీ విన్నాను. అది వరలక్ష్మి గొంతు. ఆ తిట్లు నిన్న నేను తిన్నవే.

టీ గ్లాసు జారి కిందపడింది. పల్నాటి బండి మా బావ. ఆ చక్రం గోడకవతలి కొట్టంలో ఉన్న, బావ వాళ్ల నాయన నాటి కారుది. ఆయన ఎక్కించుకుపోయే ఇంటిది మా అక్క. కొండ మీదికి ఘాట్ రోడ్డు. ఎక్కేటప్పుడు ఎక్కుతుంది, దిగేటప్పుడు నా రేకుముక్క ఏం ఆపుతుంది? ముక్కూ మొహం తెలియనివాడికి పూచీ ఇచ్చినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడది మా అక్క మీదికే వచ్చింది. ‘ఆగండి, వెళ్లొద్దు’ అని టైపు చేయబోయాను. అంతలో గోడకవతల కారు స్టార్టయింది.

వీధి చుట్టూ తిరిగి వాళ్ల గేటు దాకా పోయేంత వ్యవధి లేదు. లుంగీ ఎగ్గట్టి గోడెక్కాను. నేను కట్టిన గోడే కదా, పైవరస ఇటుకలు రెండు నాతోపాటే అవతలికి వచ్చాయి. అక్క పట్ట మీద ఆరబోసిన ఎండుమిరపకాయల్లో పడ్డాను. లేచి, కారుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. ఇన్నేళ్ల తర్వాత మా బావతో మొదటిమాట మాట్లాడదామని నోరు తెరిస్తే తుమ్ము వచ్చింది. ఆగకుండా వస్తూనే ఉంది.

బావ స్టీరింగ్ ముందు తెల్లచొక్కాలో కూర్చుని ఉన్నాడు. పక్కన అక్క పట్టుచీరలో, ఒళ్లో కొబ్బరికాయల సంచీతో ఉంది. బావ తల బయట పెట్టాడు.

“ఏందిరా? గోడ మొత్తం కూలగొట్టి వద్దామనుకున్నావా?”

“దిగు బావా! అక్కా, నువ్వు కూడా దిగు! ఈ బండి కదలటానికి ఈల్లేదు!”

“ఎందుకంట?”

“బ్రేకులు బాగాలేవు.”

“నీకెట్టా తెలుసు?”

“శబ్దం ఇన్నాను.”

“ఇంకా తొక్కనేలేదు, నీకు శబ్దం ఎక్కడ ఇనపడింది?” అన్నాడు బావ. “అయినా నేను సొంత తెలివితో చేసుకోలేదులే. ఫేస్‌బుక్‌లో ఒక గురువుగారున్నాడు. చానా గొప్పోడు. ఆయన పూచీ ఇచ్చాడు.”

“వాడికేం తెలీదు బావా!” అని అరిచాను. “వాడొట్టి ఎదవ! మోపెడ్‌కి చేసింది తెచ్చి కారుకి చెప్పాడు. ఆడి మాట ఇని కొండెక్కొద్దు. అక్కకేమన్నా అయితే నేను బతకను. నీకేమన్నా అయినా బతకను. ఆ గురువును నేనే!”

చెప్పేశాను. తుమ్ములు ఆగి, ఏడుపు మొదలైంది. మిరపకాయల ఘాటని చెప్పుకోవచ్చు కానీ, అది కాదు.

బావ ఇంజను ఆపాడు. దిగి, కొట్టంలోకి పోయి, ఒక ఖాళీ అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. కొత్త బ్రేకు లైనింగుల పెట్టె.

“నరసరావుపేట పోయి కొనుక్కొచ్చి నేనే బిగించా. ఆ అల్తాఫ్‌కి ఫోన్ చేసి అడిగి, ఆయన సరేనన్నాకే చక్రం ఎక్కించా. నీ మాట మీద బ్రేకులేసుకుంటానారా? మా నాయన రేడియో ఇప్పినప్పుడు కూడా ‘నా పూచీ’ అనే అన్నావు. వీపు ఇమానం మోత మోగింది నాకు.”

“అంటే... నేనని నీకు తెలుసా?”

“మొదటి రోజే తెలుసు. ‘ఏం కాదు, నా పూచీ’ అనేవోడు ఈ జిల్లాలో ఇంకోడున్నాడా?”

“మరి తెలిసి కూడా రోజూ నన్నెందుకు అడిగావు? ఆ ఫ్యాను, ఆ ఇన్వర్టరు?”

బావ కారు అద్దం తుడవటం మొదలుపెట్టాడు, తుడిచిందే తుడుస్తూ. అక్క కారులోంచే అందుకుంది.

“మా ఇంట్లో ఇన్వర్టరే లేదురా. రోజూ అన్నం తిని, ‘ఇయ్యాల ఏం చెడిపోయిందని చెప్పమంటావే’ అని నన్నడిగేవోడు. చెడగొట్టటానికి వస్తువులు దొరక్క చచ్చాం. ఇంకెట్టా మాట్టాడమంటావు నీతో? ఎదురుపడితే మొహం తిప్పుకుంటివి!”

“మరి ఆ వీడియో?”

“వరలక్ష్మి తిట్టేదాకా ఆగి తీశాడు. ఎక్కువసేపు ఆగలేదులే,” అంది అక్క. “తెలిస్తే పరిగెత్తుకొస్తాడని నేనన్నా. పార్టీ తప్ప వాడికి అక్కంటూ లేదు, రాడని మీ బావన్నాడు. వచ్చావుగా! ఇంక కళ్లు తుడుచుకో. ఆ చేత్తో కాదురా, కారం!”

అప్పటికే తుడిచేసుకున్నాను. కళ్లు మంటలెత్తి నేను గంతులేస్తుంటే, బావ చెంబుతో నీళ్లు తెచ్చి నా మొహాన కొట్టాడు. కొడుతూ కొడుతూ నవ్వాడు, నవ్వుతూ నా తల తుడిచాడు. గోడమీదుగా ఇదంతా చూస్తున్న వరలక్ష్మి, “నన్ను వదిలేసి పోతారేంది కొండకి?” అని అరిచింది. మేం చీర మార్చుకునేదాకా కారు కదల్లేదు. మేం అంటే ఆమె చీర, నేను లుంగీ.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ బావ బ్రేకు తొక్కి, అద్దంలో నా మొహం చూసి, “నా పూచీ” అన్నాడు. నేను తలొంచుకుని నవ్వుకున్నాను. చాలాకాలంగా ఛాతీలో పట్టేసిన నట్టేదో వదులైనట్టుంది. దేవుడికేం మొక్కావని వరలక్ష్మి అడిగితే చెప్పలేదు.

ఆ సాయంత్రమే గ్రూపులో పల్నాటి బండి ప్రశ్న వచ్చింది. ‘గురువుగారూ, మా వాకిట్లో ఎవడో చేతగానివాడు కట్టిన వంకర గోడ ఒకటుంది. దాంట్లో తలుపు పెట్టాలనుకుంటున్నాను. ఎంత వెడల్పు ఉండాలి?’

లేచి వెళ్లి మా గోడను ఒకసారి చూసి వచ్చాను. ఈలోగా గ్రూపంతా కదిలింది. ఒకరు పైన రాతిదిమ్మె వేయమన్నారు, ఒకరు ఇసుకా సిమెంటూ పాళ్లు చెప్పారు. అల్తాఫ్ మామూలుగానే ‘రెండువైపులా కొలిచి, ఒకేచోట గుర్తు పెట్టుకుని మొదలుపెట్టండి’ అని రాశాడు. మొదటిసారిగా ఆయన మాటకు లైకు కొట్టాను. తర్వాత నేను రాశాను: ‘ఒక లావుపాటి బావమరిది పట్టేంత చాలు.’ పూచీ ఊసెత్తలేదు.

ఫోన్ పక్కన పడేసి సుత్తి తీసుకుని వాకిట్లోకి వెళ్లాను. అవతల నుంచి అప్పటికే దెబ్బలు వినబడుతున్నాయి. నేనూ ఇటునుంచి మొదలుపెట్టాను. ఇద్దరం ఆవేశంగా కొట్టాం. నా వైపు ఇటుకలు ఊడి కంత పడింది. తొంగి చూస్తే అవతల బావ లేడు, అక్క బిందెలు కనబడ్డాయి. నాలుగు బారల దూరంలో ఇంకో కంతలోంచి బావ తల బయటపెట్టి, నాకోసం మా వాకిట్లో వెతుకుతున్నాడు. కొలుచుకోవడం మా ఇంటావంటా లేదు.

“ఇద్దరూ కలిసి చేసే పనేనా ఇది!” అని అక్క అటునుంచి, వరలక్ష్మి ఇటునుంచి ఒకేసారి అరిచారు.

ఇప్పుడు మా గోడకు రెండు తలుపులున్నాయి. మేమిద్దరమే బిగించాం, ఒకరు బిగిస్తుంటే ఒకరు టార్చి పట్టుకుని. రెండూ మూతపడవు.