సీ అర్చిన్‌కు ఎల్లస్వామి పేరు?

మర్రిగూడ పక్కన మా ఊళ్లో బోరు వేస్తే నీళ్లు పడటమే వింత, పడితే ఆ ఫ్లోరైడుకు పళ్లు గారపట్టడం ఖాయం. అలాంటి ఊరి పిల్ల ప్రవళిక సముద్రం అడుగున బతికే కొత్త జాతిని కనిపెట్టిందంటే ఎవరు నమ్ముతారు? ఏళ్ల క్రితం ఓడవాళ్లు లోతుల్లోంచి తీసుకొచ్చి, వేరే జాతి పేరు రాసి సీసాలో పెట్టి మరిచిపోయిన సీ అర్చిన్ అది, ఒళ్లంతా ముళ్లుండే బంతిలాంటి జీవి. ప్రవళిక తాను పరిశోధన చేసే ల్యాబులో దాని ముళ్లను సూక్ష్మదర్శినితో పరీక్షించి, లోకానికి తెలియని జాతి అని తేల్చింది. ఫోనులో ఫొటో చూసి మేము పల్లేరుకాయ అనుకున్నాం.

దానికి పేరు పెట్టే హక్కు ప్రవళికదేనని తెలియగానే ఊరంతటికీ సైన్సు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. సర్పంచ్ గోపాల్ తన తండ్రి పేరు పెడితే ఘనంగా సన్మానం చేయిస్తానని, ఫ్లెక్సీకి కూడా ఆర్డరిచ్చేశాడు. అందరికన్నా ఎక్కువ ఆశ ప్రవళిక తండ్రి ఎల్లస్వామిది. ఇంటరుతో చదువు చాలించమని అన్నం మానేసి మొండికేసిన మనిషి, ఇప్పుడు చదివించింది తానేనని చాయ్ హోటల్లో చెప్పుకుంటున్నాడు. ఆనాడు ఆయన తిట్లు పడుతూనే పిల్లను నల్లగొండ కాలేజీలో చేర్పించి వచ్చింది తల్లి శ్యామలమ్మ.

సెలవుకు వచ్చిన ప్రవళిక పంచాయతీ దగ్గర అందరికీ ఓపిగ్గా వివరించింది. ఈ జీవికి నోరు కింద, నేలకు ఆనుకుని ఉంటుంది. మలద్వారం నడినెత్తిన ఉంటుంది. సర్పంచ్ లేచి, మా నాయిన సాదా మనిషి, ఆయనకు ఇంత గౌరవం ఎందుకులే అన్నాడు. ఫ్లెక్సీ ఆగిపోయింది.

ఎల్లస్వామి మాత్రం తగ్గలేదు. "మూతి ఏడుంటే ఏంది, ముడ్డి ఏడుంటే ఏంది బిడ్డా? నా పేరే పెట్టు. నాకొక్క గుర్తన్న ఉండాలె."

ప్రవళిక తలెత్తలేదు. "అమ్మ పేరు పెట్టిన నాయినా. అచ్చుగూడ అయింది."

ఆయన ముఖం చూసి మాకే జాలేసింది. శ్యామలమ్మ సంబరపడుతుందేమో అనుకుంటే, ఆ జీవి ఇప్పుడు బతికే ఉందా అని అడిగింది. లేదమ్మా, పైకి తెచ్చిననాడే చచ్చిపోయింది, సీసాలో ఉంది అని కూతురు చెప్పింది.

శ్యామలమ్మ మొగుడి వైపు చూసింది.

"పాపం, పానం బోయినంక వచ్చింది దానికి పేరు. నాకు జర నయమే, ఉండంగనే వచ్చె."